పాటతోపాటు పేర్లూ రావాలి

సీడీలు షోకేసులో భద్రంగానే ఉన్నాయి. వాటిని పాడించే ప్లేయరే ఇంట్లో లేదు. ఎప్పుడో డబ్బు పెట్టి కొనుక్కున్న పాటల్ని హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకునే పని చాలా ఇళ్లలో వాయిదా పడుతూ వస్తోంది. ఆ పని ఎలా చేసుకోవాలి? అందులో అసలు శ్రమ ఎక్కడుంది?

తెలుగిళ్లలో సీడీల హవా ఎన్నో ఏళ్లు సాగలేదు. తొంభైల చివర్లో క్యాసెట్లను పక్కకు నెట్టి వచ్చాయి. 2010 దాటేసరికి పెన్‌డ్రైవులూ ఫోన్లూ వచ్చి వాటిని పక్కకు నెట్టేశాయి. ఆ కాస్త కాలంలోనే మనవాళ్లు ఇష్టంగా కొన్నారు. ఘంటసాల భగవద్గీత, ఎమ్మెస్ సుప్రభాతం, బాలమురళి కచేరీలు, మహదేవన్ పాటలు, ఎవరి పెళ్లిలోనో కానుకగా వచ్చిన నాదస్వరం. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ ప్యాకెట్ల పక్కన ఇవీ ప్రయాణం చేశాయి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు లేదు. కొత్త కారులోనూ లేదు. పాత మ్యూజిక్ సిస్టమ్ ఇంకా ఉన్న ఇంట్లో దాని ట్రే తెరుచుకోదు. తెరుచుకున్నా డిస్కు లేదంటుంది.

‘యాప్‌లో అన్నీ ఉన్నాయి కదా’ అంటారు పిల్లలు. చాలా ఉన్నాయి, కాదనను. రోజువారీ వినడానికి అదే హాయి కూడా. అయితే యాప్‌లో ఉన్న పాట మనది కాదు. హక్కుల ఒప్పందం ముగిస్తే పాట మాయమవుతుంది. కంపెనీ ఆలోచన మార్చుకుంటే యాప్ మొత్తం మాయమవుతుంది. లక్షలమంది వాడిన వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. పైగా పాత పాట కోసం వెతికితే మనం ఎరిగిన రికార్డింగ్ బదులు, ఎవరో మళ్లీ పాడినదో, కొత్త డ్రమ్ములు కలిపినదో ముందు వస్తుంది. మన షోకేసులో ఉన్న డిస్కు మీద ఉన్నది ఏ రికార్డింగో మనకు తెలుసు. దాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

ఒక్క కీర్తన, ఎన్ని పేర్లు

అన్నమాచార్య కీర్తనల సీడీ ఒకటి తీసి లోపలి ఇన్‌లే కాగితం విప్పి చూడండి. శ్రద్ధగల కంపెనీ తెచ్చినదైతే ప్రతి కీర్తనకూ ఎదురుగా రాగం, తాళం ఉంటాయి. స్వరకల్పన ఎవరిదో ఉంటుంది. చివరి మడతలో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, తంబురా ఎవరు, రికార్డింగ్ ఏ స్టూడియోలో జరిగింది అన్నది చీమతలకాయంత అక్షరాల్లో వేసి ఉంటుంది. మడతల దగ్గర కాగితం చిరిగి, ఒకటి రెండు పేర్లు అప్పటికే చెరిగిపోయి ఉంటాయి.

ఆ స్వరకల్పన అన్న వరుస చాలా విలువైనది. తాళ్లపాకవారి రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, దానికి రాగం పేరు ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. ఇవాళ మనం గుళ్లోనూ ఇంట్లోనూ పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి పెద్దలు ఒక్కొక్క కీర్తన ముందు పెట్టుకుని కూర్చుని చేసిన పని అది. ఒకే కీర్తనకు ఇద్దరు ముగ్గురు వేర్వేరు బాణీలు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. అదే పాటను ఫోన్‌లో తెరిస్తే ‘కంపోజర్’ అన్నచోట అన్నమాచార్య అని ఉంటుంది. లేదంటే ‘ట్రెడిషనల్’ అని ఉంటుంది. బాణీ కట్టిన మనిషి ఎక్కడా కనిపించరు. 2014లో నేదునూరివారు, 2025లో బాలకృష్ణప్రసాద్‌గారు వెళ్లిపోయారు. వాళ్ల బాణీలు రోజూ వినిపిస్తూనే ఉన్నాయి, పేర్లు మాత్రం రాలిపోతున్నాయి.

సినిమా పాట సంగతీ ఇంతే. గాయకుల పేర్లు తెర మీద పెద్దగా వస్తాయి. రాసిన కవి పేరు కోసం రెండు మూడు చోట్ల నొక్కి వెతకాలి. అక్కడా ఉండొచ్చు, లేకపోవచ్చు. ‘మాయాబజార్’ (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన తప్పుకున్నాక ఘంటసాల వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి, మిగతా సంగీతమంతా చేశారు. ఈ కథ తెలిసిన తాతగారు ఇంట్లో ఉంటే, ఆ నాలుగు పాటల ఫైళ్లలోనే ఆ ముక్క రాసిపెట్టుకోవచ్చు. ఏ యాప్‌లోనూ మనకు ఆ వీలు లేదు.

సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించడం యంత్రం చేసే పని. పేర్లు ఎక్కించడం మనిషి చేసే పని. మొదటిదాని మీద గంటలకొద్దీ చర్చలు చేసేవాళ్లు రెండోదాన్ని గాలికి వదిలేస్తున్నారన్నదే నా బాధ. ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని వందల ఫైళ్లున్న హార్డ్‌డిస్కు చేతికిస్తే, రేపు మన పిల్లలకు అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

గీతలు ఏ వైపు?

ముందు యంత్రం పని చూద్దాం. సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఆడియో సీడీ 1982లో బజారులోకి వచ్చింది. 12 సెంటీమీటర్ల ఆ పళ్లెంలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఎడమకూ కుడికీ విడివిడిగా, 16 బిట్ల అంకెలుగా రాసిపెట్టారు. గ్రామఫోన్ రికార్డు బయటి అంచు నుంచి లోపలికి పాడుతుంది. సీడీ లోపలి నుంచి బయటికి పాడుతుంది. అంటే నిండుగా పాటలున్న సీడీలో ఆఖరి పాట ఉండేది అంచు దగ్గర. మన వేళ్లు తగిలేదీ అక్కడే. మొదటి పాటలన్నీ శుభ్రంగా పలికి చివరి పాట తడబడిందంటే కారణం చాలాసార్లు ఇదే.

గీతలనగానే అందరూ మెరిసే వైపు తిప్పి చూస్తారు. అటువైపు మిల్లీమీటరుకు పైగా మందమున్న ప్లాస్టిక్ కాపలా ఉంది. పాటను మోసే అల్యూమినియం పొర ఉండేది బొమ్మ వేసిన వైపు, పల్చటి పూత కింద. అక్కడ బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసినా పొర దెబ్బతింటుంది. డిస్కును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సూదిమొనంత చుక్కల్లోంచి వెలుతురు కనిపిస్తే అక్కడ పొర లేదన్నమాట. ఒకటి రెండు చుక్కలకు కంగారుపడక్కర్లేదు. అంచు వెంట వరుసగా ఉంటే మాత్రం ఆ డిస్కును ముందు ఎక్కించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో, అటక మీద రేకు కింద ఎండకు కాగిన పెట్టెల్లో ఉన్నవాటికీ ఇదే వరస. తుడిచేటప్పుడు మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత పాట వెంటే సాగుతుంది, దాన్ని సరిదిద్దడం యంత్రానికి కష్టం.

తప్పుల్ని సరిదిద్దుకునే లెక్క సీడీలోనే కలిపి ఉంటుంది. చిన్న గీత పడి కొన్ని అంకెలు అందకపోతే ఆ లెక్కతో వాటిని అచ్చంగా తిరిగి రాబట్టవచ్చు. గీత పెద్దదైతే ప్లేయర్ అటు అంకెనూ ఇటు అంకెనూ చూసి మధ్యలో ఉండదగ్గదాన్ని ఊహించి పూడ్చేస్తుంది. వినేవాళ్లకు తెలియదు. ఈ లోపాలను బయటపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ ఇంటి వాడకానికి ఉచితం. ‘డీబీపవర్‌యాంప్’ కొనుక్కోవాలి. ఇవి డిస్కులోని ప్రతి ముక్కనూ పట్టిపట్టి చదువుతాయి, పొంతన కుదరకపోతే మళ్లీమళ్లీ ప్రయత్నిస్తాయి, చివరికి ఏ పాటలో ఎన్నో సెకను దగ్గర అనుమానం ఉందో చెబుతాయి. ఇదే డిస్కును ప్రపంచంలో ఇంకెవరైనా ఎక్కించి ఉంటే వాళ్ల ఫలితంతో పోల్చి చూసే ‘అక్యురేట్‌రిప్’ సదుపాయం ఉంది. తెలుగు సీడీకి అక్కడ జోడీ దొరక్కపోతే దిగులుపడొద్దు. అదే డిస్కును రెండుసార్లు ఎక్కించి రెండూ ఒకటేనా అని చూసుకుంటే సరిపోతుంది. కావలసిన సామగ్రి యూఎస్‌బీ తీగతో కలిపే బయటి డీవీడీ డ్రైవ్ ఒక్కటే.

ఫ్లాక్‌లో దాచుకుని, ఎంపీత్రీలో వాడుకుని

సీడీలో ఒక నిమిషం పాట సుమారు 10 ఎంబీ. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో అదే నిమిషం దాదాపు 1 ఎంబీ. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర పోషించిన ఈ పద్ధతి మన చెవి తత్వం మీద నిలబడింది. గట్టి ధ్వని పక్కనున్న చిన్న ధ్వని మనకు వినపడదు కాబట్టి దాన్ని తీసేయడమే అందులోని కిటుకు. హార్డ్‌డిస్కులు చిన్నగా, ఇంటర్నెట్ నత్తనడకగా ఉన్న రోజుల్లో అది గొప్ప ఉపకారం. ఒక్క డిస్కులో వంద దాటి పాటలు పట్టే ఎంపీత్రీ సీడీలు మన ఊళ్లలో బస్టాండు దగ్గర కూడా దొరికాయి.

అందులో ఏం పోయిందో వినాలంటే ఓ హరికథ సీడీ, దాని 128 ఎంపీత్రీ పక్కపక్కన పెట్టండి. దాసుగారి గొంతు రెండింట్లోనూ బాగానే ఉంటుంది. చేతిలో చిడతలు విదిలించినప్పుడు మాత్రం తేడా పట్టుబడుతుంది. సీడీలో ఒక్కో మువ్వ విడివిడిగా మోగుతుంది. ఎంపీత్రీలో ఆ గలగల అంతా కలిసిపోయి నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. తంబురా శ్రుతిలో పైపైన తేలే సన్నటి నాదమూ అంతే, మసకబారుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి దాచుకోవడానికి ఫ్లాక్ మేలు. 2001లో వచ్చిన ఈ పద్ధతి ఒక్క అంకె కూడా పారేయదు, మడతపెట్టి సర్దుతుంది అంతే. సీడీ పరిమాణంలో రమారమి సగం నుంచి అరవై శాతం దాకా చోటు తీసుకుంటుంది. మూడు వందల సీడీలున్న ఇంటికి 100 జీబీ చుట్టుపక్కల చాలు. అంటే వేలెడంత పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. ఫ్లాక్ నుంచి కారుకో ఫోనుకో ఎంపీత్రీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీత్రీని ఫ్లాక్‌గా మార్చితే మాత్రం ఫైలు బరువు పెరుగుతుందే గానీ పోయిన మువ్వలు తిరిగి రావు. బస్టాండు ఎంపీత్రీ డిస్కుల్లోని ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే కాపీ చేసుకోండి.

ఒక హెచ్చరిక. ‘క్యాసెట్ టు సీడీ’ అని బోర్డులు పెట్టిన స్టూడియోల్లో చేయించుకున్న డిస్కులు చాలా ఇళ్లలో ఉంటాయి. తాతగారి హరికథ, అమ్మ పాడిన మంగళహారతి, పెళ్లిలో పెద్దల ఆశీర్వచనం, రేడియోలోంచి పట్టుకున్న నాటకం. ఇవి ఫ్యాక్టరీలో అచ్చుగుద్దినవి కావు. రంగు పూత మీద లేజర్‌తో కాల్చి రాసినవి. ఆ రంగు వెలుతురుకూ వేడికీ వెలిసిపోతుంది. కొన్న సీడీ పోతే ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఇది పోతే ఆ గొంతు పోయినట్టే. ఎవరు పని మొదలుపెట్టినా, సినిమా పాటలు పక్కనపెట్టి వీటినే ముందు ఎక్కించాలి. అసలు క్యాసెట్ ఇంకా ఉంటే పారేయొద్దు.

పేర్లు రాసే పని

డ్రైవ్‌లో సీడీ పెట్టగానే పాటల పేర్లు వాటంతటవే తెర మీద వస్తే అవి డిస్కులోంచి వచ్చాయనుకుంటాం. చాలా సీడీల్లో పాటల పేర్లే ఉండవు. ఎన్ని పాటలు, ఒక్కోటి ఎంత నిడివి అన్నది చూసి సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లోని పట్టికల్లో వెతుకుతుంది. ఎవరో ఎప్పుడో టైపు చేసిన పేర్లు తెచ్చి చూపిస్తుంది. తెలుగు డిస్కులకు వచ్చేవి ఎలా ఉంటాయో ఊహించుకోండి. బాలసుబ్రహ్మణ్యంగారు ఒకచోట ఎస్పీబీ, ఇంకోచోట ఎస్పీ బాలు, మరోచోట తమిళ పద్ధతి స్పెల్లింగ్. కంప్యూటర్ లెక్కలో ముగ్గురూ వేర్వేరు మనుషులు. సుశీలగారి పేరుకూ ఇదే గతి. ఒక్కోసారి నిడివి కలిసిందని ఏ మాత్రం సంబంధం లేని ఆల్బం పేరు వచ్చి కూర్చుంటుంది.

అందుకే వచ్చినదాన్ని వచ్చినట్టు ఒప్పుకోకుండా ఇన్‌లే కాగితం పక్కన పెట్టుకుని సరిచూడాలి. ‘ఎంపీత్రీట్యాగ్’ అనే సాఫ్ట్‌వేర్ ఫ్లాక్ ఫైళ్లకూ పనికొస్తుంది. ఫ్లాక్‌లో మనకు కావలసిన గడి మనమే సృష్టించుకోవచ్చు. రాగం, తాళం, సాహిత్యం, స్వరకల్పన, వయొలిన్, మృదంగం, రికార్డింగ్ సంవత్సరం, ఏదైనా సరే. ఒకసారి ఈ గడులు నిండాక సేకరణ మాట వింటుంది. ఇంట్లో ఉన్న ఖరహరప్రియలన్నీ ఒకచోట కావాలంటే వస్తాయి. ఆత్రేయ రాసినవన్నీ, గాయకులూ సంగీత దర్శకులూ ఎవరైనా సరే, వరుసగా వస్తాయి. సీడీలు అరలో ఉన్నన్నాళ్లూ కుదరని సంగతి ఇది.

పేర్లు తెలుగు లిపిలోనే రాయమంటాను. ఫోన్, కంప్యూటర్ రెండూ చక్కగా చూపిస్తాయి. పాత కారు స్టీరియోలో డబ్బాలు కనిపించే మాట నిజమే. దానికి ఉపాయంగా ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, లోపలి ట్యాగులు తెలుగులో పెట్టుకుంటే రెండు చోట్లా గడిచిపోతుంది. ఫైలు పేరు ముందు 1, 2 అని కాకుండా 01, 02 అని వేయాలి, లేకపోతే కొన్ని ప్లేయర్లలో మొదటి పాట తర్వాత పదో పాట వస్తుంది. ‘హిట్స్’ పేరుతో వచ్చిన సీడీలకు ఆల్బం పేరుగా ఆ సీడీ పేరే ఉంచి, సినిమా పేరు, ఏడాది వేరే గడుల్లో రాస్తే ఏ పాట ఎక్కడిదో చెదిరిపోదు. ఇన్‌లే కాగితాన్ని అన్ని మడతలూ విప్పి 300 డీపీఐలో స్కాన్ చేసి ఆ ఫోల్డర్లోనే పెట్టండి. టైపు చేయడం ఈ ఏడాది కుదరకపోయినా పేర్లు బొమ్మలోనైనా బతికుంటాయి.

అమ్మానాన్నల చేతికి

ఇంత చేసి ఇంట్లో పెద్దవాళ్లు వినలేకపోతే ఏం లాభం? ఓపిక, ఆసక్తి ఉన్నవాళ్లు ఓ చిన్న కంప్యూటర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, జెల్లీఫిన్ లేదా నావిడ్రోమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో అన్ని ఫోన్లకూ పాటలు అందేలా చేసుకోవచ్చు. డెబ్బై దాటిన తల్లిదండ్రులకు మాత్రం ఆ దారి వద్దు. యూఎస్‌బీ పెట్టుకునే మ్యూజిక్ సిస్టమ్, అందులో ఓ పెన్‌డ్రైవ్, నాలుగైదు ఫోల్డర్లు చాలు. పొద్దున సుప్రభాతం ఒక ఫోల్డర్, సాయంత్రం కచేరీ ఒకటి, సినిమా పాటలు ఒకటి. రిమోట్‌లో ఏ బొత్తాం నొక్కితే ఏది వస్తుందో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

షఫుల్ మాత్రం ఆపేయాలి. ఘంటసాల భగవద్గీతలో శ్లోకం తర్వాత తాత్పర్యం, దాని తర్వాత మరో శ్లోకం ఓ క్రమంలో నడుస్తాయి. కచేరీలో ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్, తని ఆవర్తనం మరో ట్రాక్‌గా ఉంటాయి. షఫుల్‌లో పెడితే ఆలాపన ఒక రాగంలో, కృతి వేరే రాగంలో వస్తుంది. రెండు ట్రాకుల మధ్య క్షణం ఆగకుండా పాడే ప్లేయర్‌ను చూసి పెట్టుకోవాలి. ‘గ్యాప్‌లెస్’ అన్న మాట ఉందో లేదో సెట్టింగుల్లో చూడండి. నడుస్తున్న తాళం మధ్యలో అర సెకను మౌనం వస్తే విద్వాంసుల కచేరీ తెగిపోతుంది.

మూడు చోట్ల

హార్డ్‌డిస్కు ఒక్కటే ఉంటే అది ఏదో ఒకరోజు చెప్పకుండా పోతుంది. కనీసం రెండు డిస్కుల మీద ఉంచి, మూడో ప్రతిని వేరే ఇంట్లో దాచండి. ఫ్లాక్ ఫైల్లో దాని సరిచూపు సంఖ్య కూడా ఉంటుంది కాబట్టి, ఏడాదికోసారి పరీక్ష పెడితే ఏ ఫైలు పాడైందో తెలిసిపోతుంది. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి మినహాయింపు ఉంది. కొన్న సీడీని ఇంట్లో వినడానికి ఎక్కించుకోవడం వేరు, వాట్సాప్ గ్రూపుల్లో పంచడం వేరు. ఎక్కించాక డిస్కుల్ని అమ్మేయొద్దు. పెట్టెలో నిలబెట్టి, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి.

పాటలు పంచకూడదు గానీ పేర్లు ఎంతమందికైనా పంచవచ్చు. ‘మ్యూజిక్‌బ్రెయిన్జ్’ అని అందరూ రాయగలిగే, అందరూ వాడుకోగలిగే పట్టిక ఉంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం చేపట్టిన ‘కాంప్‌మ్యూజిక్’ పరిశోధన కర్ణాటక సంగీతం రికార్డింగుల వివరాలను అందులోనే పోగుచేసింది. కర్ణాటక రాగం, తాళం రాయడానికి అక్కడ ప్రత్యేకంగా గడులున్నాయి. స్పెయిన్‌లో కూర్చున్నవాళ్లు మన త్యాగరాజ కృతికి రాగం పేరు రాసి పెడుతుంటే, అన్నమయ్య బాణీ ఎవరిదో తెలిసిన తిరుపతివాళ్లు, పాట రాసింది ఎవరో తెలిసిన తెనాలివాళ్లు ఊరుకోకూడదు. మీరు సరిచూసిన పేర్లు అక్కడ ఎక్కిస్తే, అదే సీడీని రేపు డల్లాస్‌లోనో గుంటూరులోనో ఎవరైనా డ్రైవ్‌లో పెట్టినప్పుడు సరైన పేర్లతో తెరుచుకుంటుంది. మృదంగం ఎవరో కాగితం మీద లేకపోతే, అడగడానికి పెద్దవాళ్లు ఉన్నారేమో చూడండి. వాళ్లూ చెప్పలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఒకసారి పట్టికలోకి ఎక్కిన తప్పు పేరు వందల ఇళ్లకు పాకుతుంది. ఖాళీ గడిని మాత్రం, నిజం తెలిసినవాళ్లు ఎప్పుడైనా వచ్చి నింపగలుగుతారు.